చేట వెల

మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు 1966 ఎండాకాలంలో కనపడకుండా పోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. గంగవరం ఇంకా మండలం కాలేదు, పలమనేరు తాలూకాలో ఒక ఊరు, అంతే. మా నాయన ఉపదేశి. సైకిలు మీద కీలపట్ల వైపు పల్లెలన్నీ తిరిగి శనివారం రాత్రికి ఇల్లు చేరేవాడు. చెంబు పోయిన రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, అవ్వ, నేను, రెండు రోజుల ముందు ఊరి నుంచి వచ్చిన మా మేనమామ. వాకిట్లోకి వచ్చింది మాత్రం ఒక ఎరికిలామె. నెత్తి మీద గంపలు, గంపల్లో చేటలు.

అవ్వ ఒక చేట ఎంచుకుంది. వెల రెండు పడుల రాగులు అని కుదిరింది. రాగులు కొలవడానికి లోపలికి పోయిన అమ్మ, గూట్లో చెంబు లేదని చూసుకుని ఉత్త చేతులతో బయటికి వచ్చింది. అవ్వ గొంతు లేచింది. "ఎరికిలోళ్లు వాకిట్లో కాలు పెట్టినారంటే ఏదో ఒకటి పోకుండా ఉంటుందా?" ఆ ఎరికిలామె గడప దాటి లోపలికి రాలేదు. ఆమె పక్కనే తిన్నె మీద కూర్చుని చేటల అల్లిక చూస్తున్నదాన్ని నేను. ఆ మాట నేను చెప్పలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు నోరు తెరవకూడదు.

ఆమె వాదించలేదు. గంపలన్నీ దించి బోర్లించింది. కొంగు దులిపింది. రొంటిన దోపుకున్న వక్కాకు సంచి విప్పి చూపించింది. "చూసుకో తల్లీ, బాగా చూసుకో" అంది. తరువాత ఒక్కొక్కటే పేర్చుకుని, గంప తనే ఎత్తుకుని వెళ్లిపోయింది. రాగుల మాట ఎవరూ ఎత్తలేదు. అవ్వ ఎంచుకున్న చేట తిన్నె మీదే ఉండిపోయింది.

ఆ ఆదివారం సండే స్కూల్లో పది ఆజ్ఞలు తడబడకుండా ఒప్పజెప్పి రంగుల బొమ్మ కార్డు ఒకటి బహుమానంగా తెచ్చుకున్నాను. దొంగతనం వద్దన్నది ఎనిమిదోది. పొరుగువాడికి ఉన్నది దేన్నీ ఆశపడవద్దన్నది పదోది. కార్డు చూపిద్దామని ఇంట్లోకి పరిగెత్తితే, అమ్మ ఆ కొత్త చేటతోనే రాగులు చెరుగుతోంది.

పెద్దయ్యాక నేను పంతులమ్మనయ్యాను. వారమంతా బడి, ఆదివారం సండే స్కూలు. ముప్పై ఏళ్లకు పైగా ఎనిమిదో ఆజ్ఞ పాఠం చెప్పాను. అడగకుండా తీసుకున్న పెన్సిలు, పక్కింటి జామకాయ, నాయన జేబులో పావలా, ఇవే నా ఉదాహరణలు. చెబుతున్నంత సేపూ ఎక్కడో ఆ చేట చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఉద్యోగం అయిపోయాక ఎరుకల వాళ్ల చరిత్ర దొరికినంత చదివాను. చదివిన కొద్దీ నేను చెప్పిన పాఠమే తలకిందులైంది.

మాది మూడు భాషలు కలిసే మూల. ఇక్కడ ఎరుకల అన్నవాళ్లనే కుప్పం దాటి కృష్ణగిరి వైపు దిగితే కొరవ అంటారు, కోలారు వైపు మళ్లితే కొరచ అంటారు. ఇళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాషలో తమిళం పాలు ఎక్కువ. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. వాటిలో ఎరుకల శాఖల పేర్లు ఉన్నాయి. వెదురు బద్దలతో బుట్టలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఈత పుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల. సాలెవాళ్లకు కుంచెలు చేసి ఇచ్చేవాళ్లు కుంచెపురి. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల. ఉప్పు అమ్మేవాళ్లు ఉప్పు ఎరుకల. ఏ శాఖకా శాఖ తను చేసే పనితోనే పేరు పెట్టుకుంది.

ఇందులో ఉప్పు వాళ్ల సంగతి మా వైపు వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. సముద్రం దగ్గర ఉప్పు కొటార్లలో ఉప్పు ఎత్తుకుని, పెరికెలు వేసిన ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని, గుంపులుగా కనుమలెక్కి మెట్టసీమకు వచ్చేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్లు. ఆ ధాన్యంతో మళ్లీ కిందికి దిగేవాళ్లు. రాగిసంకటిలో ఉప్పు పడాలంటే పడమటి పల్లెకు వాళ్లు రావాల్సిందే. బండి పోని దారుల్లో కూడా పోయేవాళ్లు కాబట్టి, ఏ పల్లెలో ఏం పండింది, ఎక్కడ కరువు తగిలింది అన్న కబురు కూడా వాళ్లతోనే నడిచేది. తిరిగే మనిషి అంటే ఆ రోజుల్లో ఊరికి అక్కరకొచ్చే మనిషి.

ఆ బతుకు ఒక్క దెబ్బకు కూలలేదు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు కంపెనీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. ఉప్పు పండించినా అమ్మినా సర్కారు చెప్పిన వెలకే. తరువాత రైలు వచ్చింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు మద్రాసు రైల్వే లైను పడింది, అది కుప్పం మీదుగానే పోతుంది. 1890లలో పాకాల నుంచి ధర్మవరం దాకా వేసిన మరో లైను మదనపల్లె రోడ్డు స్టేషను మీదుగా పోయింది. వందల ఎద్దులు రోజుల తరబడి మోసే ఉప్పును గూడ్సు బండి ఒక పూటలో దించేసింది. స్టేషను దగ్గర దుకాణం పెట్టిన షావుకారికి పని దొరికింది, ఎద్దు తోలిన మనిషికి పోయింది.

రెండు రైళ్లకూ మధ్యలో ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా రాయలసీమలో, మైసూరులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఎద్దులూ రాలిపోయాయి. ఆ కరువు కాలంలోనే మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో ఉప్పు పన్ను పెంచారు. బతికి బయటపడ్డవాళ్లకు అడవి ఒకటి మిగిలిందనుకుంటే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురు కొడితే నేరం, ఎద్దును మేపితే జరిమానా. పలమనేరు చుట్టూ ఉన్న కొండల్లో తాతల నాటి నుంచి వెదురు తెచ్చుకున్నవాళ్లు సర్కారు సొత్తు దొంగలయ్యారు. ఉప్పు, దారి, ఎద్దు, వెదురు నాలుగూ పోయాక తిరిగే మనుషులకు తిరగడం ఒక్కటే మిగిలింది. పని లేకుండా తిరిగేవాడిని పోలీసు ఏ కంటితో చూస్తాడో చెప్పాల్సిన పని లేదు.

ఆకలికి దొంగతనాలు చేసినవాళ్లు లేరని నేను అనను. చేశారు. కన్నాలు వేశారు, సంతల్లో మూటలు లేపారు. చేసినవాడిని పట్టి శిక్షించడానికి అప్పటికే శిక్షాస్మృతి ఉంది. సర్కారు దానితో ఆగలేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని 1871లో ఉత్తరాదికి ఒకటి చేసి, 1911లో దాన్ని మార్చి దేశమంతటికీ వర్తించేలా చేసింది. దాంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఒక మనిషి చేసిన పనిని బట్టి కాదు, పుట్టిన గుంపును బట్టి పేరు రిజిస్టరుకెక్కుతుంది. పది వేళ్ల ముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. పొరుగూరికి పెళ్లికి పోవాలన్నా చీటీ కావాలి. ఒక గుంపును మొత్తంగా తీసుకుపోయి సెటిల్‌మెంటు అనే కాపలా కాలనీలో పెట్టొచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో వేయొచ్చు. కొన్ని నేరాలకు రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గదు, మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరం. అప్పటి సర్కారు కాగితాల్లో దొంగ ఎరుకల, దొంగ దాసరి, దొంగ ఒడ్డె అన్నవి కులాల పేర్లుగా అచ్చయ్యాయి. ఉప్పు, కుంచె, కరివేపాకు ఉన్న చోట 'దొంగ' వచ్చి కూర్చుంది.

1911 మా జిల్లాకు చిన్న ఏడాది కాదు. ఆ ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి పలమనేరు, కడప నుంచి మదనపల్లె వచ్చి ఇందులో కలిశాయి. అదే ఏడాది మదనపల్లెలో అమెరికన్ ఆర్కాటు మిషను వాళ్ల మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరిచారు. నాకంటే ముందు పుట్టిన మా ఇంటి పిల్లలు కొందరు బతికి బట్టకట్టింది ఆ ఆసుపత్రి పుణ్యమే. ఒకే ఏడాది ఒక చేత్తో ఆసుపత్రి, మరో చేత్తో వేలిముద్రల రిజిస్టరు. ఒకటి దేవుడి పేరున వచ్చింది, ఒకటి రాజు పేరున వచ్చింది. చిక్కేమిటంటే కొద్ది రోజులకే రాజు రెండో పనిని కూడా దేవుడి మనుషుల చేతిలో పెట్టాడు.

రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థ సంగతి ఇక్కడ వస్తుంది. ఫ్రెడరిక్ బూత్-టక్కర్ అనే ఐసీఎస్ దొర 1881లో ఉద్యోగం వదిలేసి ఆ సైన్యంలో చేరాడు. మరుసటి ఏడాది బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, చెప్పులు లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. మంచి ఉద్యోగం దేవుడి కోసం వదులుకున్న మనిషిని స్వార్థపరుడు అనలేం. ఆయనకు ఒక నమ్మకం ఉండేది. నేరం జబ్బులాంటిది, దానికి మందు ఉంది, ఆ మందు పని, ప్రార్థన, క్రమశిక్షణ. సర్కారుకు ఆ మాట బాగా నచ్చింది. జైలు కంటే చవక. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ సైన్యం చేతికే వచ్చింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరే ఆ ఊరికి పెట్టారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో మరో సెటిల్‌మెంటు. కావలిలో అమెరికన్ బాప్టిస్టులది ఒకటి. చాలా జిల్లాల నుంచి ఎరుకల కుటుంబాలను ఇలాంటి చోట్లకు తోలారు.

పౌలు ఎఫెసు సంఘానికి రాసిన లేఖలో దొంగ గురించి ఒక మాట ఉంది. మా నాయన ప్రసంగాల్లో అది తరచూ వచ్చేది. ఆయన దాన్ని మూడు మెట్లుగా విడదీసి చెప్పేవాడు. దొంగిలించడం మానడం మొదటి మెట్టు. సొంత చేతులతో కష్టపడటం రెండోది. ఆ కష్టార్జితంలో నుంచి, లేనివాడికి ఇవ్వగలగడం మూడోది. మూడో మెట్టు ఎక్కితేనే దొంగ మారినట్టు అనేవాడు. సెటిల్‌మెంట్లను ఈ మెట్లతో కొలిచి చూశాను. మొదటి మెట్టు కోసం హాజరు పట్టీ పెట్టారు. రెండో మెట్టు కోసం సీతానగరంలో రాళ్ల క్వారీ, స్టూవర్టుపురం వాళ్లకు చీరాలలో పొగాకు కంపెనీ. 1920లలో అక్కడ ఐఎల్‌టీడీ అనే ఆ కంపెనీ ఫ్యాక్టరీ వచ్చాక, పారిపోవడానికి వీల్లేని కూలీలు దానికి దగ్గరలోనే దొరికారు. మూడో మెట్టు దాకా ఎవరినీ ఎక్కనివ్వలేదు. తన కాళ్లు తన వశంలో లేనివాడు, తన పిల్లలు తన దగ్గర లేనివాడు, ఇంకొకరికి ఏమిస్తాడు? ఇవ్వడానికి ముందు మనిషి తనకు తాను యజమాని కావాలి.

ఆ మిషనరీలు బడులు పెట్టారు, మందులిచ్చారు, కొందరు అక్కడే చనిపోయారు. అది మరిచిపోవడం కూడా ఒక రకం దొంగతనమే. కానీ వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ మనిషి చేతిలో ఉప్పు ఏమైంది? ఆ ప్రశ్న అడిగితే ఎనిమిదో ఆజ్ఞను సర్కారు ముందు కూడా చదవాల్సి వచ్చేది.

అలా చదివిన ప్రవక్త బైబిల్లో ఉన్నాడు. అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట మీద కన్ను పడింది. రాజుకు కావలసినన్ని తోటలున్నాయి, అయినా అదే కావాలి. నాబోతు తాతల ఆస్తి అమ్మనన్నాడు. రాణి యెజెబెలు రాజు ముద్ర వేసి జాబులు రాయించింది, దొంగ సాక్షులను కూర్చోబెట్టింది, నాబోతు మీద నేరం మోపి రాళ్లతో కొట్టించింది. తోట రాజుదైంది. ఏలీయా ఎదురుపడి హంతకుడు, దొంగ అన్నట్టు మాట్లాడింది రాజుతోనే. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు నేను ఇన్నాళ్లూ యెజెబెలు దుర్మార్గం మీదే నిలబడ్డాను. ఇప్పుడు నాకు కనిపిస్తున్నది వరస. ముందు ఆశ, తరువాత నేరారోపణ, ఆఖరున స్వాధీనం. పదో ఆజ్ఞ తప్పినవాడు ఎనిమిదో ఆజ్ఞను పక్కవాడి మెడకు కట్టాడు.

మా గంగవరం నుంచి పడమటికి చూస్తే ఈ వరసకు సాక్ష్యం కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండను కంపెనీ అక్కడ అడుగు పెట్టింది. నూట ఇరవై ఏళ్లలో ఆ నేల నుంచి సుమారు 800 టన్నుల బంగారం తీశారు. చాలా కాలం దాని లాభాలు ఓడెక్కి పోయాయి. మా వైపు పల్లెల నుంచి, తమిళ జిల్లాల నుంచి పోయిన కూలీలు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి రాయి కొట్టారు. పైకి వచ్చినప్పుడు వాళ్లను తడిమి చూసేవాళ్లు, గోచీలో రాయి ముక్క ఉందేమోనని. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టరు చేయాలని ఉత్తర్వు వస్తే, మేం దొంగలమా అని వేలాది మంది పని మానేశారు. కుప్పం పక్కన చిగురుగుంటలో కూడా అదే బంగారపు పొర ఉంది, అక్కడా గని నడిచింది. రెండూ 2001లో మూతపడ్డాయి. బంగారం ముక్క దాచినవాడికి జైలు. బంగారమంతా మోసుకుపోయినవాడికి వాటాదారుల సభలో చప్పట్లు. వాటాదారుల్లో చాలామంది ఆదివారం గుడికి పోయి అవే పది ఆజ్ఞలు విన్నవాళ్లే.

ఇది క్రైస్తవం చెప్పని సంగతి అనుకుంటే పొరపాటు. మా తాతలకు సువార్త తెచ్చింది ఆర్కాటు మిషను. స్కడర్ అన్నదమ్ములు 1853లో ప్రారంభించారు. జేకబ్ చాంబర్లెన్ 1863లో మదనపల్లె వచ్చి, వైద్యం చేస్తూ, తెలుగు బైబిలును దిద్దుతూ, 1908లో ఇక్కడే కన్నుమూశాడు. వాళ్లను పంపిన అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి మూల విశ్వాస పుస్తకాల్లో ఒకటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి. 1563లో జర్మనీలో అచ్చయింది. అందులో 110వ ప్రశ్న ఎనిమిదో ఆజ్ఞ మీద. చట్టం శిక్షించే దొంగతనం దగ్గర ఆ జవాబు ఆగదు. తప్పుడు తూకాలు, తప్పుడు కొలతలు, కల్తీ సరుకు, అన్యాయపు వడ్డీ, అన్నీ దొంగతనమే అంటుంది. ఆశను కూడా అదే పద్దులో రాస్తుంది. దేవుడిచ్చినదాన్ని వృథా చేయడమూ అందులోకే వస్తుంది. తరువాతి జవాబు, ఆపదలో ఉన్నవాడికి సాయపడటానికి కష్టపడమంటుంది. మా నాయన చెప్పిన మూడో మెట్టు అదే. నాలుగు వందల ఏళ్లకు పైబడి కిందట రాసుకున్న పుస్తకం షావుకారినీ, వడ్డీ వ్యాపారినీ, రాజునూ ఒకే బోనులో నిలబెట్టింది. ఆ బోను ఖాళీగా వదిలేసి, చేటలమ్మే ఆమె చేత కొంగు దులిపించింది మేము.

మా సంగతే చెబుతాను. మా చుట్టుపక్కల ఇప్పుడు టమోటాదే రాజ్యం. రైతు మండీకి సరుకు దించితే, కొన్ని చోట్ల 'జాక్‌పాట్' అని లెక్క లేకుండా కొన్ని బాక్సులు పక్కకు పోయేవి. దాన్ని ఎవరూ దొంగతనం అనరు, మామూలు అంటారు. పేదవాడు చేస్తే దొంగతనం, పెద్దవాడు చేస్తే మామూలు. వడ్డీకి డబ్బు తిప్పే విశ్వాసిని నేను ఎరుగుదును. నూటికి ఐదు, పది, అదీ నెలకు. కోతల పండుగ నాడు గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు వేలం వేస్తే అందరికంటే ఎక్కువ పాట పాడేది ఆయనే. అందరం చప్పట్లు కొడతాం. ఆ పాట డబ్బు ఎక్కడిదని అడిగిన ఆదివారం నాకు గుర్తు లేదు. ఓటుకు నోటు తీసుకోనని ఎవరైనా అంటే, దేవుడు పంపిన డబ్బు వద్దంటావా అని నవ్విన తోటి విశ్వాసులూ ఉన్నారు. కూలి మనిషికి సాయంత్రం ఇవ్వాల్సిన డబ్బు సంత నాటిదాకా ఆపడం మా ఇంట్లో కూడా ఉండేది. ధర్మశాస్త్రం కూలి డబ్బులు రాత్రి దాటనివ్వొద్దంటుంది. నేనే పిల్లలకు చెప్పాను, నేనే ఆపాను.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కథ చివరికి ఏమైందంటే, మద్రాసు ప్రెసిడెన్సీ దాన్ని 1947లోనే తీసేసింది. దేశమంతటికీ ఏం చేయాలో చూడమని 1949లో కేంద్రం ఒక విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు అప్పటి మా జిల్లా మనిషే, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత లోక్‌సభ స్పీకరైన ఆయనే. పుట్టుకతో ఎవరినీ నేరస్థుడు అనకూడదు, చట్టం రద్దు చేయాలని ఆ సంఘం తేల్చింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని దేశంలో చాలాచోట్ల విముక్తి దినంగా జరుపుకుంటారు. మా జిల్లాలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ పని తెలిసినవాళ్లు నాకు పట్టుమని పదిమంది తగల్లేదు.

కాగితం మీద పోయిన మాట నోటి మీద పోలేదు. స్టూవర్టుపురం పేరు పెట్టి దొంగల సినిమాలు 1991లో వచ్చాయి, ఆ ఊరి దొంగ మీద 2023లోనూ ఒకటి వచ్చింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ల మీద సినిమా తీసినట్టు నాకు తెలియదు. 1970లలో ఆ ఊళ్లో అడుగు పెట్టి, దొంగతనం వదిలినవాళ్లకు తోడుగా నిలబడింది హేమలతా లవణం. కవి జాషువా కూతురు, నాస్తికవాది గోరా కోడలు. ఆమె అక్కడికి దేవుడి పేరుతో పోలేదు, నాస్తికుల ఇంటి నుంచి పోయింది. నేను విశ్వాసిని, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. కానీ హాజరు పట్టీ లేకుండా వాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడింది ఆమె అని కూడా నేనే చెప్పాలి.

ఇక చెంబు. 1984లో అమ్మ మంచాన పడింది. ఒక రాత్రి దాహమంటే స్టీలు చెంబుతో నీళ్లిచ్చాను. దాన్ని కాసేపు చూసి, "ఆ చెంబు మీ మామే తీసుకుపోయినాడు, అమ్మణ్ణీ. పలమనేరులో కుదవ పెట్టినాడు. ఆ నెల్లోనే నాకు తెలిసింది" అంది. మామ పేకాట అప్పు కోసం పెట్టాడు. విడిపించలేదు. తరువాత ఆయన మా సంఘంలో పెద్ద కూడా అయ్యాడు, కానుకల సంచి ఆయన చేతుల మీదుగానే తిరిగేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అమ్మ పట్టింది, పట్టి ఊరుకుంది. తమ్ముడి పరువు పోతుందని.

"ఆ ఎరికిలామెకు చెప్పినావా?" అని అడిగాను.

"ఆమె మళ్లా మన వీధికి రాలేదు కదమ్మా" అంది.

జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలకు ఇష్టం. పొట్టివాడు, చెట్టెక్కాడు, యేసు పిలిస్తే దిగాడు. పిల్లలు చెట్టు బొమ్మ గీసుకుంటారు. కథలో అసలు సంగతి చెట్టు దిగాక ఉంది. పన్ను వసూళ్లలో లాక్కున్నది నాలుగింతలు తిరిగిస్తానని అతను అందరి ముందూ ఒప్పుకున్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందన్న మాట యేసు నోట ఆ తరువాతే వచ్చింది. మా సంఘాల్లో కన్నీళ్లు చూశాను, సాక్ష్యాలు విన్నాను, దశమ భాగం రశీదులు రాశాను. లాక్కున్నది లెక్క కట్టి, లాక్కున్నవాళ్ల ఇంటికి పోయి తిరిగిచ్చినవాళ్లను చూడలేదు. నేనూ ఇవ్వలేదు.

తోటి విశ్వాసులను ఒక్కటే అడుగుతున్నాను. ఆగస్టు 31కి దగ్గరగా వచ్చే ఆదివారం మన గుళ్లలో ఎనిమిదో ఆజ్ఞతో పాటు పదోదాన్ని కూడా చదవండి. చదివాక, ఊళ్లో ఏదైనా వస్తువు పోతే మన నోటికి మొదట ఏ కులం పేరు వస్తుందో ఎవరికి వాళ్లు చూసుకోండి. అప్పున్నవాళ్లు బతికి ఉండగానే తీర్చండి. నేను ఆలస్యం చేశాను.

ఆ చేట మా ఇంట్లో పన్నెండేళ్లు ఉంది. అంచు ఊడితే పేడ, మెంతులు కలిపి అలికి వాడుకున్నాం. దాని వెల రెండు పడుల రాగులు. నాలుగింతలంటే ఎనిమిది పడులు. ఎవరికి కొలిచి ఇవ్వాలో తెలియదు. ఆమె పేరేమిటని ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అడగలేదు.